పౌరుష గ్రంథి క్యాన్సరు నిర్ధారణ: పరీక్షా పద్ధతుల తులనాత్మక పరిశీలన

అరువది దాటిన పెద్దలు రాత్రివేళ నాలుగైదు మారులు మూత్రమునకు లేచుచుండుట మన ఇండ్లలో చూచుచునే యున్నాము. "వయసు మీరినది" అని ఇంటివారు ఊరకుందురు. ఆయనయు నోరు విప్పి చెప్పడు. తెలుగు ఇండ్లలో సిగ్గు, ఉర్దూ ఇండ్లలో షరమ్; మాట వేరైనను మౌనము ఒక్కటే. ఈ బాధ చాలమందికి గ్రంథి సహజముగా పెరుగుట వలననే కలుగును. అది క్యాన్సరు కాదు. కాని క్యాన్సరు తొలిదశలో ఏ బాధయు లేకయే పెరుగవచ్చును. కావున బాధను బట్టి వ్యాధిని నిర్ణయింపరాదు. ఏ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో ఈ వ్యాసమున పరిశీలింతము.

పౌరుష గ్రంథి, అనగా ప్రోస్టేటు, మూత్రాశయమునకు దిగువన మూత్రనాళమును చుట్టుకొని యుండును. యౌవనమున దాని బరువు సుమారు 20 గ్రాములు, చిన్న నిమ్మకాయంత. మన గూడూరు మార్కెట్టులో నిమ్మకాయలు కొనువారు మొదట కాయను వ్రేళ్లతో నొక్కి చూతురు. అనుమానము తీరనిచో బస్తా నుండి కొన్ని కాయలు తీసి కోసి చూతురు. వైద్యుని పద్ధతియు ఇంచుమించు ఇట్టిదే.

1. వ్రేలి పరీక్ష

వైద్యుడు చేతికి తొడుగు వేసికొని, మలద్వారము గుండ గ్రంథిని తాకి చూచును. గట్టి గడ్డ తగిలినచో అనుమానింపవలెను. దీనికి యంత్రము అక్కరలేదు. కొద్ది నిమిషములు చాలును. కాని వ్రేలికి అందునది గ్రంథి వెనుక భాగము మాత్రమే. చిన్న గడ్డలును, ముందు వైపున నున్నవియు తెలియవు.

2. రక్త పరీక్ష

1938లో అమెరికాలో అలెగ్జాండరు గట్మన్, ఎథెల్ గట్మన్ అను శాస్త్రజ్ఞులు, ఈ క్యాన్సరు ఎముకలకు ప్రాకిన రోగుల రక్తమున ఆసిడ్ ఫాస్ఫటేజు అను ఎంజైము పెరుగునని చూపిరి. ఆ కొలతను ఆధారము చేసికొనియే చార్లెస్ హగిన్స్ 1941లో హార్మోను చికిత్స ప్రయోజనమును నిరూపించెను. 1966లో నోబెల్ బహుమానము పొందెను. అయితే వ్యాధి ప్రాకిన తరువాత తెలుపు పరీక్ష, దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే.

1979లో పి.ఎస్.ఏ. అను ప్రోటీనును వేరు చేయుటతో తొలిదశలోనే అనుమానించు వీలు కలిగెను. అమెరికా ప్రభుత్వము ఈ పరీక్షను 1986లో చికిత్స పొందినవారిని గమనించుటకును, 1994లో వ్యాధిని కనుగొనుటకును అనుమతించెను. మిల్లీలీటరుకు 4 నానోగ్రాములు వాడుకలోనున్న హద్దు. కాని ఈ అంకె తీర్పు కాదు. గ్రంథి పెరిగినను, వాచినను, మూత్రమున క్రిములు చేరినను పి.ఎస్.ఏ. పెరుగును. 4 నుండి 10 వరకు ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికే క్యాన్సరు ఉండును. మరియొక వైపు, 2004లో ప్రకటించిన ఒక అమెరికా పరిశోధనలో 4కు లోబడినవారిలోను నూటికి 15 మందికి క్యాన్సరు కనబడెను. గ్రంథి పెరుగుదలకు వాడు ఫినాస్టరైడు మందు ఈ అంకెను సుమారు సగమునకు తగ్గించును. ఆ మందు సంగతి వైద్యునికి ముందే చెప్పవలెను.

3. ముక్క పరీక్ష

సూదితో గ్రంథి నుండి పది పండ్రెండు చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శినితో చూచుటయే బయాప్సీ. క్యాన్సరు ఉన్నదని నిశ్చయముగా చెప్పునది ఇదియే. 1966లో డోనాల్డ్ గ్లీసన్ ఏర్పరచిన తరగతులు, కొన్ని మార్పులతో, నేటికిని వ్యాధి తీవ్రతను తెలుపుచున్నవి. కాని సూది తగలని చోట గడ్డ ఉన్నచో తప్పిపోవును; బస్తాలో తీయని కాయ చెడినట్లు. రక్తస్రావము, క్రిమిదోషము అను చిక్కులును కలవు.

4. చిత్ర పరీక్షలు

ఎం.ఆర్.ఐ. చిత్రము సూదికి దారి చూపును. 2017లో ప్రకటించిన బ్రిటిషు పరిశోధనలో 576 మందిని పరీక్షింపగా, తీవ్రమైన క్యాన్సరును ఎం.ఆర్.ఐ. నూటికి 93 మందిలో గుర్తించెను. అల్ట్రాసౌండు సాయముతో చేసిన పాత బయాప్సీ 48 మందిలో మాత్రమే గుర్తించెను. కాని ఎం.ఆర్.ఐ. లేని అనుమానములను కూడ రేపును. కావున దాని వెనుక బయాప్సీ తప్పదు. 2018లో 500 మందిపై జరిగిన మరియొక పరిశోధనలో, ముందు ఎం.ఆర్.ఐ. తీసినవారిలో నూటికి 28 మందికి బయాప్సీయే అవసరము లేకపోయెను. వ్యాధి ప్రాకినదా అను ప్రశ్నకు పి.ఎస్.ఎం.ఏ. పెట్ స్కాను మేలైనది. 2020 నాటి ఆస్ట్రేలియా పరిశోధనలో దాని ఖచ్చితత్వము నూటికి 92. పాత స్కానులది 65.

ఏది మేలు?

ఈ పద్ధతులు ఒకదానికొకటి పోటీ కావు. వ్రేలు, రక్తము అనుమానమును చెప్పును, ఎం.ఆర్.ఐ. చోటు చూపును, బయాప్సీ నిశ్చయించును, పెట్ స్కాను వ్యాప్తిని తెలుపును. రక్తపరీక్ష అంకె చూచి గుండె చెదరువారును, ఏ పరీక్షయు వలదని దాచువారును సమానముగా నష్టపోవుదురు. నిశ్చయమైన క్యాన్సరులలో కూడ కొన్ని మెల్లగా పెరుగును. వానిని వెంటనే కోయక, గమనించుచుండిన చాలును.

మన జంక్షను నుండి రేణిగుంట మీదుగా తిరుపతికి రైలు కలదు. అచట 1993 నుండి స్విమ్స్ ఆసుపత్రి నడచుచున్నది. అదే మార్గమున కాట్పాడికి పోయినచో వేలూరు సి.ఎం.సి. చేరువ. చెన్నై అడయారులో 1954 నుండి క్యాన్సరు సంస్థ కలదు. కావున మనకు కొరవడినది ఆసుపత్రి కాదు, ఇంటిలో మాటాడుట.

విద్యార్థి మిత్రులారా! ఏబది దాటిన తండ్రిని, తాతను, మామను ఒకమారు అడుగుడు. తండ్రికి గాని సోదరునికి గాని ఈ వ్యాధి వచ్చినవారు నలుబదియైదు ఏండ్లకే వైద్యుని సంప్రదింపవలెను. పెద్దలు చెప్పుకొనలేని మాటను చదువుకొన్న మనము మర్యాదగా అడిగి, వారి వెంట ఆసుపత్రికి పోవుట మన విధి.