శిలాప్రభువులకు నిత్యసేవ

చిరంజీవి మనుమరాలికి,

నీ జాబు నిన్న అందినది. హైదరాబాదు పబ్లిక్ గార్డెన్సులోని మ్యూజియమునకు పోయి, అచట అద్దపుపెట్టెలో పరుండియున్న ఈజిప్టు మమ్మీని చూచి, ఆ రాత్రి నిదురపట్టక లేచి కూర్చుండి వ్రాసితినంటివి. “ఒక్క శవమును దాచుటకేనా తాతయ్యా, ఆ రాజులు కొండలంతటి పిరమిడ్లు కట్టించుకొన్నది?” అని అడిగితివి. నీ వయసున నేనును అట్లే తలచినవాడను. పిరమిడ్ అనగానే ఎడారిలో ఒంటరిగా నిలిచిన రాతికుప్ప ఒకటి మన కన్నులకు కట్టునే కాని, దాని పాదమున ఒక దేవాలయముండెననియు, అందు రాజు దేహమునకు గాక రాజు విగ్రహమునకు ఉదయ సాయంకాలములందు ధూపనైవేద్యములు జరిగెననియు, ఆ సేవ సాగినంతకాలమే పిరమిడ్‌నకు ప్రాణముండెననియు మనకు తోచదు. ఈ జాబులో నేను చెప్పదలచినది ఆ సేవను గూర్చియే.

ముందుగా స్థలస్వరూపమును మనసున నిలుపుకొనుము. నాల్గవ రాజవంశమునాటికి స్థిరపడిన పద్ధతి యిది: నైలునది వరదనీరు వచ్చి తాకు పల్లపునేల అంచున ఒక ఆలయము, దానిని లోయ ఆలయమందురు. అచటినుండి ఎడారి మిట్టమీదికి రాతిబాట యొకటి ఎక్కిపోవును. ఆ బాట చివర, పిరమిడ్ తూర్పుముఖము చెంత, పై ఆలయము. శవము పిరమిడ్ గర్భమునకు చేరి ద్వారము మూయబడిన పిమ్మట మరల ఎవ్వరును అచటికి పోరాదు. కాని ఆలయముల తలుపులు మాత్రము ప్రతిదినము తెరువవలసినవే. మూసినది సమాధి, తెరచినది గుడి. ఈ రెంటినడుమ రాజునకు ప్రతినిధియై నిలిచినది విగ్రహము.

ఆ ప్రజల విశ్వాసమున మనుష్యునకు దేహముతోపాటు ‘కా’ అను ప్రాణశక్తి కలదు. మరణానంతరమును దానికి ఆహారము కావలెను, ఆహారమును స్వీకరించుటకు ఒక ఆశ్రయము కావలెను. మాంసమయమైన దేహము ఎంత కాపాడినను చెడవచ్చును, శిల చెడదు. కావుననే శిల్పికి వారి భాషలో ‘సె-అంఖ్’, అనగా జీవింపజేయువాడు, అను పేరు కలిగినది. చెక్కుట ముగిసినంతనే బొమ్మ దేహము కాజాలదు. ‘నోరు తెరపించు’ సంస్కారమున అర్చకుడు బాడిసవంటి పనిముట్టుతో విగ్రహముఖమును తాకి, మంత్రములు పఠించి, అది చూచుటకును, శ్వాసించుటకును, భుజించుటకును అర్హత కల్పించును. మన ఆలయప్రతిష్ఠలలో నయనోన్మీలనమును ఎఱిగినదానవు గనుక ఈ భావము నీకు కొత్త కాదు. అయితే పోలిక కనబడినంతనే సంబంధము కలదని తేల్చివేయుట చరిత్రవిద్యార్థికి తగదని కూడ జ్ఞాపకముంచుకొనుము.

సక్కారాలో జోసర్ మహారాజు కట్టించిన మెట్ల పిరమిడ్‌నకు ఉత్తరమున, ద్వారమే లేని చిన్న రాతిగది యొకటి కలదు. అట్టి గదిని పురావస్తుజ్ఞులు అరబ్బీమాటతో ‘సెర్దాబ్’ అందురు. 1924-25లో సెసిల్ ఫర్త్ దానిని బయల్పరచినపుడు, లోపల రంగులు పూసిన సున్నపురాతి జోసర్ విగ్రహము, నిండుకొలతలో, సింహాసనాసీనమై యుండెను. పొదిగిన కన్నులను దొంగలు ఏనాడో పెరికికొనిపోయిరి. కాని ఆ గది ఉత్తరపు గోడలో, సరిగా విగ్రహపు కన్నుల యెత్తున, రెండు గుండ్రని రంధ్రములు తొలిచియుండుట చూడుము! ఉత్తరపు ఆకాశమున ఎన్నడును అస్తమింపని తారలను వారు ‘నాశనమెఱుగనివి’ అని పిలిచెడివారు. మరణించిన రాజు వానిలో చేరునని వారి నమ్మిక. రాజు ఆ రంధ్రములగుండ ఆ నక్షత్రములవైపు చూచును. వెలుపల వేసిన ధూపము ఆ రంధ్రములగుండనే ఆయనను చేరును. ఇది చూచువారికొఱకు చేసిన బొమ్మ కాదు, తాను చూచుటకై కూర్చుండిన బొమ్మ.

జోసర్ తరువాత సుమారు నూరేండ్లకు గీజాలో ఖఫ్రే రాజు లోయ ఆలయమును కట్టించెను. ఎఱ్ఱని గ్రానైటు స్తంభములు పదునాఱు, పాలవన్నె రాతితో పరచిన నేల, గోడల వెంబడి ఇరువదిమూడు రాజవిగ్రహములు నిలుపుటకు ఏర్పరచిన తావులు. 1860లో ఆగస్ట్ మారియెట్ ఆ ఆలయపు ముందుగదిలోని గుంటనుండి పైకి తీసిన ఖఫ్రే విగ్రహమే నేడు కైరో మ్యూజియమునకు అలంకారము. ఎదుటనుండి చూచిన రాజొక్కడే కనబడును. ప్రక్కకు జరిగి చూచిననే, ఆయన తలవెనుక రెక్కలు చాచి కూర్చుండిన డేగ, అనగా హోరస్ దేవుడు, గోచరించును. రాజు ఎవ్వరి రక్షణలో నున్నాడో, ఎవ్వని రూపమై పాలించుచున్నాడో శిల్పి ఒక్క మాట చెక్కకయే చెప్పినాడు. ఆ నల్లని కఠినశిల నూబియా ఎడారిలోని గనులది. నదీమార్గమున వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరమునుండి వచ్చినది. రాగి ఉలి దిగని ఆ రాతిని, అంతకన్న గట్టి రాతిగుండ్లతో మోది, ఇసుకతో నూరి, నునుపు తేల్చిరి.

ఖఫ్రే అనంతరము రాజ్యమేలిన మెంకౌరే తన ఆలయములు పూర్తికాకమునుపే గతించెను. జార్జి రైస్నర్ 1908 మొదలు ఆ లోయ ఆలయమును త్రవ్వినపుడు, హాథోర్ దేవికిని ఒక్కొక్క మండలపు అధిదేవతకును నడుమ రాజు నిలిచియున్న త్రిమూర్తిశిల్పములు లభించెను. వానికన్న నన్నాకర్షించినవి అచటనే దొరికిన అసంపూర్ణపు చిన్నవిగ్రహములు. ఒకటి మొద్దుగా మలచిన రాయి మాత్రమే. వేఱొకదానిపై మోకాలెచటనో భుజమెచటనో తెలుపు ఎఱ్ఱగీతలు. ఇంకొకదానికి ముఖము తేరినది కాని కాళ్లు ఇంకను రాతిలోనే యున్నవి. ఒక శిల్పశాల దినచర్య అంతయు వరుసగా ఆగిపోయి మనకొఱకు వేచియున్నట్లుండును. రాతితో ఆరంభించిన ఆలయమును కుమారుడు షెప్సెస్కాఫ్ పచ్చియిటుకలతో ముగించెను. కట్టడము తక్కువ వస్తువుతోనైనను ముగియవలెను. ఏలయన సేవ ఆగరాదు.

ఆ సేవ ఎట్లుండెనో మనకు తెలిపినవి రాజశాసనములు కావు, గుడి లెక్కల కాగితములు. గీజాకు దక్షిణమున అబూసిర్‌లో నెఫెరిర్కారే రాజు ఆలయశిథిలములలో, 1893లో, పపైరస్ తునకలు దొరకి పలుదేశముల మ్యూజియములకు చెల్లాచెదరైనవి. వానిని ఏండ్లతరబడి కూర్చి, చదివి, 1976లో సంపూర్ణవివరణతో వెలువరించిన విదుషీమణి పోల్ పోజనెర్-క్రీజే. ఆమె శ్రమవలన నేడు మనము నాలుగువేలయేండ్లకు పూర్వపు ఒక ప్రాతఃకాలమున ఆ గుడిలో అడుగిడగలము.

పై ఆలయపు లోపలిభాగమున అయిదు గూళ్లు, అందు అయిదు విగ్రహములు. నడిమిది ఒసిరిస్ దేవుని రూపమున నున్న రాజు. ఇరుచివరలవి దక్షిణ ఉత్తర ఈజిప్టుల కిరీటములు ధరించిన రాజు. అర్చకులు తలుపుల ముద్రలను విప్పి, విగ్రహముపై కప్పిన వస్త్రమును తొలగించి, శుభ్రపరచి, వేఱు వస్త్రము కట్టి, ధూపము వేసి, రొట్టెయు మద్యమును మాంసమును నివేదింతురు. దేవరకు చూపిన ఆహారము పిదప ఆ సేవకులకే పంచబడును. అదియే వారి జీతము. అర్చకులు అయిదు వర్గములు. ఒక్కొక్కటి రెండు పాయలు. ఒక్కొక్క పాయకు పదినెలలకొక నెల వంతు. మిగిలిన కాలమున వారు తమ తమ ఊళ్లలో తమ తమ పనులు చేసికొనువారే. వంతు మారునపుడెల్ల సామానుల తనిఖీ: నలుపు ఎఱుపు సిరాలతో గడులు గీచి, ఏ పాత్ర పగిలినది, దేనికి అతుకు వేసినారు, ఏ ముద్ర సరిగా నున్నది, అని పూసగ్రుచ్చినట్లు వ్రాసిరి. భక్తి యనగా పరవశత్వమే యని తలచువారికి ఈ పట్టికలు చప్పగా తోచవచ్చును. నాకు మాత్రము, చిల్లిపడిన గిన్నెను చిల్లిపడినదని నిజముగా వ్రాసిన ఆ లేఖకుని చేతిలోనే ఆ భక్తి కనబడుచున్నది.

ఇక నీ ప్రశ్నకు సూటియైన సమాధానమును రానెఫెరెఫ్ కథ చెప్పును. యువకుడైన ఈ రాజు అల్పకాలమేలి మరణించెను. ఆయన పిరమిడ్ మొదటి మెట్టు దాటలేదు. అయినను దాని పాదమున ఇటుకల ఆలయము లేచినది. చెక్కస్తంభముల మండపము వెలసినది. 1982 మొదలు చెక్ పండితులు మిరొస్లావ్ వెర్నెర్ నాయకత్వమున త్రవ్వగా, మఱియొక పపైరస్ భాండారమును, డేగ రక్షించుచున్న గులాబివన్నె రాజవిగ్రహమును లభించినవి. ఆ పత్రములందు, పదిదినముల ఉత్సవమునకు నూటముప్పది యెద్దులు వధింపబడినట్లు లెక్క కలదు. పిరమిడ్ లేని రాజునకు పూజ కొఱత పడలేదు! పూజ లోపించిన రాజునకో, పిరమిడ్ ఎంత పెద్దదైనను ప్రయోజనము లేదు. ఈ రాజులేలిన ‘పాతరాజ్యము’ కూలి, ధాన్యము తెచ్చు మడులును మాన్యములును అన్యాక్రాంతమైనపుడు తలుపు తీయువారు కఱవైరి. మెంకౌరే లోయ ఆలయములోనికి పల్లెయిండ్లు చొచ్చుకొనివచ్చినవి. విగ్రహములెన్నియో ముక్కలై పోయినవి.

నేడు సక్కారాలోని గదిలో కూర్చున్నది జోసర్ విగ్రహపు నకలు. అసలుది కైరోలో నున్నది. అద్దములనడుమ నిలిచిన ఏ విగ్రహమునైనను చూచునపుడు, అది ఎచట కూర్చుండెను, దేనివైపు చూచెను, తెల్లవారుజామున దాని తలుపు తీసినదెవ్వరు, అని అడిగి, మనసులోనైనను దానిని దాని చోట మరల నిలుపుము.

సెలవులకు వచ్చినపుడు ఒకనాడు చీకటితో లేచి నాతో మన ఊరి కోవెలకు రమ్ము. దర్శనమునకు తొందరపడక, ఒక ప్రక్క నిలిచి, తాళము తెచ్చువారెవరో, నీళ్లు మోయువారెవరో, నిర్మాల్యము తీయువారెవరో, బియ్యము కొలిచి లెక్క వ్రాయువారెవరో, ఒక పుస్తకమున వరుసగా వ్రాసికొనుము. ఆ పుస్తకము నాకు చూపిన పిదప, అబూసిర్ పత్రములను ఇద్దరము కలిసి చదువుదము.

ఇట్లు,
నీ క్షేమమును సదా కోరు
తాతయ్య