ఇంధన మార్పు – దేశాల రాజకీయం: జర్మనీ అనుభవం

బొగ్గు, చమురు, సహజవాయువుల వాడకం తగ్గించి ఎండ నుంచి, గాలి నుంచి విద్యుత్తు పొందాలని నేడు చాలా దేశాలు సంకల్పించాయి. ఈ మార్పు వేగం సాంకేతిక జ్ఞానం మీద, డబ్బు మీద మాత్రమే ఆధారపడదు. ఇంధనాన్ని ఎవరి దగ్గర కొంటున్నాం, వారితో మన సంబంధాలు ఎలా ఉన్నాయి అన్నది కూడా దాన్ని నిర్ణయిస్తుంది. దీనికి జర్మనీ మంచి ఉదాహరణ.

2021లో జర్మనీ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో సగానికి పైగా రష్యాదే. విద్యుత్ కేంద్రంలో గ్యాస్ మండితే వెలువడే బొగ్గుపులుసు వాయువు, బొగ్గుతో పోలిస్తే దాదాపు సగమే. అందుకే బొగ్గు మానేసి పూర్తిగా ఎండకు, గాలికి మారేలోగా గ్యాస్ ఆదుకుంటుందని ఆ దేశం భావించింది. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేసింది. సెప్టెంబరు నాటికి నార్డ్ స్ట్రీమ్ గొట్టంలో గ్యాస్ పూర్తిగా నిలిచిపోయింది.

అప్పుడు జర్మనీ రెండు దారులు పట్టింది. చలికాలం గడవడానికి, పక్కన పెట్టిన బొగ్గు కేంద్రాలను మళ్లీ నడిపింది. ఆ ఏడాది చివర మూసివేయవలసిన మూడు అణువిద్యుత్ కేంద్రాలను 2023 ఏప్రిల్ 15 వరకు కొనసాగించింది. మరోవైపు, 2030 నాటికి విద్యుత్తులో 80 శాతం పునరుత్పాదక వనరుల నుంచే రావాలని చట్టం చేసింది. 2023లోనే ఆ వాటా 50 శాతం దాటింది. ఒకే యుద్ధం ఆ దేశాన్ని కొంతకాలం వెనక్కి లాగింది, ఆ వెంటనే ముందుకు తోసింది.

ఈ కథలో మరో కోణం ఉంది. రష్యా గ్యాస్ లోటు తీర్చుకోవడానికి ఐరోపా దేశాలు ఓడల్లో వచ్చే ద్రవ గ్యాస్‌ను ఎక్కువ ధర పెట్టి కొన్నాయి. ఆ ధర భరించలేక బంగ్లాదేశ్ 2022 జూలైలో తక్షణ మార్కెట్లో కొనుగోళ్లు ఆపి, విద్యుత్ కోతలు విధించింది. యుద్ధంతో ఏ సంబంధమూ లేని పేద ఇంట్లో ఫ్యాను ఆగింది.

సౌర విద్యుత్తుకు మారితే పరాధీనత పూర్తిగా పోతుందా? సోలార్ పలకల తయారీలో ప్రతి దశలోనూ 80 శాతానికి పైగా వాటా చైనాదే. అయితే ఒక తేడా ఉంది. గ్యాస్ ఆగితే పొయ్యి ఆ రోజే ఆరుతుంది. పలకల దిగుమతి ఆగినా, అప్పటికే బిగించినవి పాతికేళ్ల దాకా పనిచేస్తూనే ఉంటాయి.

ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే మన దేశం గమనించవలసినది ఇదే. ఒక్కరి మీదే ఆధారపడకూడదు. చేతనైనంత ఇక్కడే తయారుచేసుకోవాలి. కష్టకాలంలో భారమంతా పేదల మీద పడకుండా ముందే ఏర్పాటు చేసుకోవాలి.