పాత ట్రాక్టరును మోయడానికి ఏ పికప్?

ప్రశ్న: అయోవాలో ఉంటున్నాం. బాగుచేయించిన పాత ఫార్మాల్ ఎం ట్రాక్టరును ప్రదర్శనలకు తీసుకెళ్లాలి. ఎఫ్-150 పికప్ సరిపోతుందా?

జవాబు: ప్రకటనల్లోని లాగుడు శక్తిని నమ్మి కొనకండి. మీ ట్రాక్టరే సుమారు 5,000 పౌండ్లు. వెనక టైర్లలో నీళ్లు నింపి ఉంటే ఇంకా ఎక్కువ. దాన్ని ఎక్కించే ట్రైలరుతో కలిపి 7,000 పౌండ్లు దాటుతుంది. అందులో 10–15 శాతం హిచ్ (ట్రైలరును తగిలించే భాగం) మీదుగా పికప్‌పైనే పడాలి. దానికి మనుషులు, సామాన్లు తోడైతే చాలా ఎఫ్-150లు మోయగల బరువు హద్దుకు చేరిపోతాయి. ఆ హద్దు డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది, ముందు అది చదవండి. నేనైతే ఇంకా ఎక్కువ బరువు మోసే ఎఫ్-250 తీసుకోమంటాను. లాగడం కన్నా ఆపడమే కష్టం, ట్రైలరుకు బ్రేకులు తప్పనిసరి. ట్రాక్టరు ఎక్కించాక నాలుగు మూలలా గొలుసులు బిగించి, ఒకసారి తూకం వేయించండి. దారిలో ట్రైలరు అటూ ఇటూ ఊగితే ప్రయాణం మానేసి, ట్రైలర్ల మెకానిక్‌కు చూపించండి.