ఊరు అడిగే ప్రశ్న, థీసిస్ అడిగే ప్రశ్న



మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. మందసకీ వజ్రపుకొత్తూరుకీ మధ్య ఎక్కడో అనుకోండి. ఊరి పేరు రాస్తే నేనెవరో మావాళ్లకి తెలిసిపోతుంది. ఒక విశ్వవిద్యాలయంలో ఆంత్రపాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాలుగో ఏడు నడుస్తోంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే. అమ్మ కాశీబుగ్గలో జీడిపప్పు వలిచే పనికి వెళ్తుంది. నాన్నకి క్రియాటినిన్ ఎక్కువుంది, డయాలసిస్ దాకా ఇంకా రాలేదు.

మా ప్రాంతం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేదే నా అంశం కూడా. కిడ్నీ జబ్బు. ఇన్ని ఇళ్లలో మనుషులు పోతున్నా జనం పరీక్ష చేయించుకోవడానికి ఎందుకు వెనకాడుతున్నారు అన్నది నేను తీసుకున్న విషయం. తిరిగినన్నాళ్లూ బాగానే ఉంది. మా భాష, మా మనుషులు. నోటుబుక్కులు నిండాయి. చిక్కంతా రాయడానికి కూర్చున్నాక వచ్చింది.

ఏ ఊరు వెళ్లినా అరుగు మీద కూర్చున్నవాళ్లు నన్ను అడిగింది ఒకటే. "ఏటమ్మా, మా రక్తాలు పట్టుకెళ్లినోళ్లు ఎంతమందో, నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినోళ్లు ఎంతమందో. ఏటి తేల్సినారు? నువ్వేటి తేలుస్తావు?" అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు కంప్యూటర్ తెరిస్తే ఆ మాటే వినబడుతుంది. డాక్టర్లకే తేలనిది నా మూడొందల పేజీల్లో ఏం తేలుతుంది? జబ్బు ఎందుకొస్తుందో నా థీసిస్ చివరి పేజీలో కూడా ఉండదు. మా ఊరివాళ్ల కష్టం మీద డిగ్రీ సంపాదించుకుంటున్నానేమో అనిపిస్తోంది.

మా గైడు గారు మూడో అధ్యాయం తిప్పి పంపారు. "ఇది పేపర్లో వచ్చే కథనంలా ఉంది, థియరీ ఏది?" అన్నారు. సెమినార్‌లో తోటివాళ్లు చక్కటి ఇంగ్లీషులో మాట్లాడతారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. నోరు తెరిస్తే యాస బయటపడుతుందేమోనని గొంతు తగ్గించేస్తాను. రాత్రి ఒక పేరా రాస్తాను, తెల్లారి చదివి కొట్టేస్తాను. నిద్ర సరిగ్గా పట్టడం లేదు. ఇంటికెళ్తే అమ్మ "ఇంకెన్నాళ్లే ఆ సదువు" అంటుంది. కోపంతో కాదు, నిజంగానే తెలియక.

మొన్న నోట్స్ తిరగేస్తుంటే ఒక పెద్దమ్మ మాట కనబడింది. కాళ్లు వాచి ఉన్నాయి, పరీక్షకి రమ్మంటే రాలేదు. "పరీక్ష సేయిస్తే నా మనవరాలి సంబంధం తప్పిపోద్ది. నా కిడ్నీ ఉంటే ఏటి, పోతే ఏటి" అంది. అది చదివి ఏడ్చాను. థీసిస్‌లో మరీ సెంటిమెంటుగా ఉంటుందని దాన్ని ఒక ఫుట్‌నోట్‌లో పెట్టాను.

టెక్కలిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా రమ్మంటోంది. చేరిపోనా? అసలు నాలాంటిది చేయాల్సిన పనేనా ఇది?

– ఉద్దానం అమ్మాయి

*

అమ్మా,

నీ ఉత్తరంలో బరువైన వాక్యం ఆ పెద్దమ్మది. దాన్ని తీసుకెళ్లి ఫుట్‌నోట్‌లో పడేశావు! నువ్వు అడిగినవాటన్నిటికీ జవాబు అక్కడి నుంచే మొదలుపెడతాను.

నువ్వు రిజిస్టర్ చేసిన ప్రశ్న ఏమిటి? జనం పరీక్షకి ఎందుకు వెనకాడుతున్నారు. ఊరు నిన్ను అడుగుతున్న ప్రశ్న ఏమిటి? ఈ జబ్బు ఎందుకొస్తోంది. ఈ రెండూ ఒకటి కావు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ నువ్వు మొదటిదానికి జవాబు రాసి, రెండోదానితో దిద్దుకుంటున్నావు. అలా దిద్దుకుంటే ఎవరికైనా సున్నాయే వస్తుంది.

ఊరివాళ్ల ప్రశ్నలో తప్పేం లేదు. విశాఖ కేజీహెచ్‌లో నెఫ్రాలజిస్టుగా పనిచేసిన టి. రవిరాజు గారి లాంటి వైద్యులు 1990ల నుంచీ ఈ జబ్బు గురించి చెబుతూనే ఉన్నారు. భూగర్భ జలాల్లో సిలికా అన్నారు, భార లోహాలు అన్నారు, పురుగుమందులు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, వంశపారంపర్యం, ఇలా చాలావాటిని అనుమానించారు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆస్పత్రి తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి మంచినీళ్లు మళ్లించారు. అయినా ఇదీ కారణం అని వేలుపెట్టి చూపించగలిగినవాళ్లు ఇప్పటికీ లేరు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు కూలీల్లో ఉన్న ఇలాంటి జబ్బుల దగ్గరా పరిస్థితి దాదాపు ఇంతే. ప్రయోగశాలలూ నిధులూ ఉన్నవాళ్లు ఇన్నేళ్లుగా తేల్చలేనిదాన్ని నాలుగేళ్ల ఫెలోషిప్ మీద, అదీ ఆంత్రపాలజీలో, నువ్వు తేల్చలేదని నిన్ను నువ్వు నిలదీసుకోవడం నాకైతే కాస్త గొప్పలకు పోవడంలా కూడా కనిపిస్తోంది. కోప్పడకు.

ఒక పాత సంగతి చెప్తాను. డాన్యూబ్ నదిలో కలిసే ఏళ్ల వెంట సెర్బియా, క్రొయేషియా, బోస్నియా, బల్గేరియా, రుమేనియా పల్లెల్లో ఒక కిడ్నీ జబ్బు ఉండేది. 1950ల్లో వైద్యులు దాన్ని గుర్తుపట్టి రాశారు. ఒక పల్లెలో ఉంటుంది, పక్క పల్లెలో ఉండదు. ఒక ఇంట్లో ముగ్గురికి వస్తుంది, పొరుగింట్లో ఎవరికీ రాదు. మీ దగ్గరిలాగే వాళ్లూ నీళ్లని అనుమానించారు. సీసం అనే లోహాన్ని, వైరస్‌ని, గింజలకి పట్టే బూజుని, బొగ్గు పొరల్లోంచి ఊరే నీటిని, ఒకదాని తర్వాత ఒకటి పట్టి చూశారు. గోధుమ చేలో కలుపుగా మొలిచే అరిస్టలోకియా మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయని 1969లో ఇవిచ్ అనే పరిశోధకుడు అన్నాడు. పెద్దగా ఎవరూ చెవిన పెట్టలేదు. రోగుల కిడ్నీల్లో ఆ మొక్క విషం ఆనవాళ్లు దొరికినట్టు 2007లో ప్రచురించాకే ఆ మాటకి బలం వచ్చింది. ఉద్దానానికీ అదే కారణమని నేననడం లేదు, ఆ పొరపాటు పడకు. నేను చూడమంటున్నది ఆ మధ్య కాలాన్ని. ఆ దశాబ్దాల్లో నీళ్ల మీద రాసినవాళ్లూ వైరస్ మీద రాసినవాళ్లూ కారణం తేల్చలేదు. ఎక్కడ వెతకనక్కర్లేదో తేల్చారు. ఇంకో మాట. చివర్లో క్రొయేషియాలో కొందరు రోగుల్ని కూర్చోబెట్టి, పాత రోజుల్లో మీ చేలల్లో ఏం మొలిచేది, రొట్టె పిండి ఎక్కడాడించేవారు అని అడిగి రాసుకున్నారు. అది నువ్వు చేస్తున్న పనికి దగ్గర చుట్టమే.

ఇక పెద్దమ్మ దగ్గరికి వద్దాం. కారణం రేపు తేలినా, మందు ఎల్లుండి వచ్చినా, ఆవిడ పరీక్షకి రాకపోతే ఆ మందు ఆవిడకి అందదు. ఉద్దానం సంబంధాలంటే బయటివాళ్లు వెనకాడుతున్నారని పత్రికలు చాలాసార్లు రాశాయి. కానీ ఆ భయం ఒక వాచిన కాళ్ల ముసలమ్మని ఆస్పత్రి మెట్లెక్కకుండా ఎలా ఆపుతోందో, ఇంట్లో ఎవరి ఆరోగ్యం ఎవరి పెళ్లికి ఖర్చవుతోందో నీ నోటుబుక్కులో ఉంది. రక్తం తీసుకెళ్లినవాళ్ల సీసాల్లో ఇది లేదు. ఫుట్‌నోట్‌లోంచి తీసి అధ్యాయం మొదట్లో పెట్టు.

మీ గైడు అన్నదాంట్లో సగం నిజముంది. ఆయన చెప్పిన తీరు నాకు నచ్చలేదు, అది వేరే సంగతి. థియరీ కోసం నువ్వు ఎక్కడికో పోనక్కర్లేదు. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1963లో 'స్టిగ్మా' అనే చిన్న పుస్తకం రాశాడు, మీ లైబ్రరీలో ఉండే ఉంటుంది. మచ్చ బయటపడిపోయినవాళ్లు వేరు, ఇంకా బయటపడక దాన్ని దాచుకుంటూ బతికేవాళ్లు వేరు అంటాడాయన. పరీక్ష కాగితం ఈ రెండో గుంపులోని మనిషిని ఒక్క పూటలో మొదటి గుంపులోకి తోసేస్తుంది. మచ్చ పడ్డవాళ్ల చుట్టాలకీ అది అంటుకుంటుందని కూడా ఆయన రాశాడు. మరి నీ పెద్దమ్మ చేస్తున్నదేమిటి? మనవరాలికి అంటకుండా తన ఒంటిని అడ్డం పెడుతోంది. గాఫ్‌మన్‌తో అక్కడిదాకా నడిచి, ఆ తర్వాత నీ ఉద్దానం ఏం చెబుతోందో నువ్వు రాయి. మూడో అధ్యాయానికి కావలసిన థియరీ అంతే. పరీక్షకురాలిగా నేను చదివిన థీసిస్‌లలో థియరీ తక్కువై కుంటుపడినవాటికంటే, థియరీ ఎక్కువై మనుషులు కనబడకుండా పోయినవే ఎక్కువ.

"నాలాంటిది చేయాల్సిన పనేనా" అన్నావు. అర్హత ఉండి కూడా తమది దొంగ అర్హత అనుకునే ఆడవాళ్ల గురించి 1978లో పాలిన్ క్లాన్స్, సుజాన్ ఇమ్స్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలో రాశారు. అప్పటి నుంచి ఆ మాట అందరి నోటా నానుతోంది. నీకు అది సగమే సరిపోతుందని నా అభిప్రాయం. నీ సందేహంలో కొంత నువ్వు ఊహించుకున్నదే, కొంత మాత్రం ఆ సెమినార్ గదిలో నిజంగానే ఉంది. యాస వినగానే మొహాలు చూసుకునేవాళ్లు ఉంటారు. దానికి నువ్వు గొంతు తగ్గించుకోవడం మందు కాదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూనే సవరల మాట వాళ్ల నోటి నుంచే నేర్చుకున్నారు. మన్యం జ్వరానికి వేసుకున్న క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్నారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో అచ్చయింది, అప్పటికి ఆయనకి దాదాపు 68 ఏళ్లు. ఆయన పేరు మన జిల్లాలో దండలకే పరిమితమైపోయింది కానీ, పనికొచ్చేది ఆయన పద్ధతి. మనిషి ఎలా మాట్లాడితే అలా రాసుకోవడం. నీ ఇంటర్వ్యూలు ఉద్దానం మాటలోనే తెలుగు లిపిలో అనుబంధంగా పెట్టు. అధ్యాయంలో ఇంగ్లీషు అనువాదం ఇవ్వు. ఇంగ్లీషు తప్పులు దిద్దేవాళ్లు దొరుకుతారు. ఆ పెద్దమ్మ మాటని అచ్చంగా పట్టుకున్నవాళ్లు మీ విభాగంలో ఇంకెవరున్నారు?

రాత్రి రాసి తెల్లారి కొట్టేయడం మానెయ్. రాసేటప్పుడు దిద్దకు, దిద్దేటప్పుడు కొత్తది రాయకు, రెండిటికీ వేరువేరు రోజులు పెట్టుకో. ప్రతి అధ్యాయానికీ అది ఏ ప్రశ్నకి జవాబో ఒక్క వాక్యం తెలుగులో రాసి గోడకి అతికించు. ఆ వాక్యం నీ అమ్మకి అర్థం కావాలి. నిజంగానే చదివి వినిపించు కూడా. "ఇంకెన్నాళ్లే" అన్న ఆవిడకి నువ్వేం చేస్తున్నావో ఎవరూ చెప్పినట్టు లేరు.

ఊరి కష్టం మీద డిగ్రీ సంపాదించుకుంటున్నానేమో అన్న బాధకి ఓదార్పు మాటలు చాలవు. దానికో పని ఉంది. సబ్మిట్ చేయకముందే, నీకు తెలిసింది రెండు పేజీల్లో తెలుగులో రాసుకుని, నువ్వు తిరిగిన ఊళ్లలో ఒకటి రెండు చోట్ల అరుగు మీద కూర్చుని చదువు. పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసెయ్. సంబంధాల సంగతి కదా, ఎవరి ఇల్లో తెలిసిందంటే నువ్వే ఒక పెళ్లి చెడగొట్టినదానివవుతావు. వాళ్లు ఒప్పుకుంటారో, "అది కాదులే అమ్మా" అంటారో విను. కాదంటే అదీ రాసుకో. "ఏటి తేల్సినావు" అని అడిగితే, జబ్బు ఎందుకొస్తుందో నాకు తెలీదు, పరీక్షకి ఎందుకు పోవట్లేదో కొంత తెలిసింది అని చెప్పు. ఆశా కార్యకర్తని కూడా పిలువు, ఈ రెండు పేజీలు రేపు ఆవిడకే ఎక్కువ పనికొస్తాయి.

నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకు. వారాలుగా నిద్ర లేక, తిండి సయించక, దేని మీదా మనసు పోకపోతే అది థీసిస్ సమస్యగా ఉండదు, డాక్టర్‌కి చూపించుకోవాల్సిందే. టెలీ మానస్ నంబరు 14416. ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. నాన్న క్రియాటినిన్ రిపోర్టు ఇంట్లో ఉండగా అదే జబ్బు గురించి పగలూ రాత్రీ రాస్తున్నావు. ఇది మామూలు థీసిస్ భారం కాదని మీ గైడుకి తెలుసా? చెప్పకపోతే చెప్పు. ఆయనతో కుదరకపోతే మీ రీసెర్చ్ అడ్వైజరీ కమిటీలో ఇంకొకరితోనైనా చెప్పు.

టెక్కలి ఉద్యోగం. ఇంటి పరిస్థితి చూస్తే జీతం అవసరమే, మానేసి చేరినా నేను తప్పు పట్టను. అయితే మానేయాలా, ఉండాలా అని రెండే దారులున్నట్టు రాశావు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్లు గడువు, తిరిగి నమోదు చేసుకుంటే ఇంకో రెండేళ్లు, ఆడవాళ్లకి దాని మీద మరో రెండేళ్లు వెసులుబాటు ఇవ్వొచ్చు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి కూడా ఆ నిబంధనల్లో చోటుంది, పనిచేసే చోటు నుంచి నిరభ్యంతర పత్రం అడుగుతారు. ఫుల్‌టైమ్ నుంచి మధ్యలో మారనిస్తారా, ఫెలోషిప్ వదులుకోవాలా అన్నది మీ యూనివర్సిటీ సొంత నియమాల మీద ఉంటుంది. ముందు అది రిజిస్ట్రార్ ఆఫీసులో కనుక్కో. నోటిమాటగా వద్దు, కాగితం మీద అడుగు. కాలేజీవాళ్లని కూడా వచ్చే విద్యా సంవత్సరం దాకా ఆగుతారేమో అడిగి చూడు. ఈలోగా మూడో అధ్యాయం పెద్దమ్మ మాటతో మొదలుపెట్టి మళ్లీ పంపు.