తెలుగింటి అమెరికా నటి అవంతిక

ఈసారి జీవిత చరిత్ర రాసే వంతు నాది. ఎప్పుడూ శాస్త్రవేత్తలు, దేశ నాయకులేనా, ఒక సినిమా నటి గురించి రాస్తాను అంటే మా రూములో పిలకాయలు ఒకటే నవ్వు. "ఏందబ్బా, స్టడీ అవర్లో నువ్వు చదివేది ఇదా" అన్నారు. నవ్వుకోండి. కానీ కిందిదాకా చదివి అప్పుడు నవ్వండి.

ఒక ఆదివారం నాడు మన భోజనాల హాల్లో టీవీలో 'రారండోయ్ వేడుక చూద్దాం' సినిమా వేశారు. అందులో రకుల్ ప్రీత్ సింగ్ చేసిన భ్రమరాంబ పాత్రకు చిన్నప్పటి పిల్లగా ఒక అమ్మాయి కనిపిస్తుంది. మనమందరం ఆ సీను చూసి మర్చిపోయాం. మా సోషల్ సారు మాత్రం "ఆ పిల్ల ఇప్పుడు హాలీవుడ్ నటి తెలుసా" అన్నారు. నేను నమ్మలేదు. సారు ఫోన్లో చూపించారు. ఆ తర్వాత అడిగి, చదివి తెలుసుకున్న విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పూర్తి పేరు అవంతిక వందనపు. 2005 జనవరి 25వ తేదీన అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని యూనియన్ సిటీలో జన్మించింది. తల్లిదండ్రులు తెలుగువాళ్ళు, హైదరాబాదు నుండి వెళ్ళినవారు. చిన్నప్పటి నుండే డాన్సు నేర్చుకుంది. 2014లో 'డాన్స్ ఇండియా డాన్స్ లిటిల్ మాస్టర్స్' ఉత్తర అమెరికా పోటీల్లో రెండో స్థానం వచ్చింది. అప్పటికి తొమ్మిదేళ్ళు. రెండో బహుమతి వస్తే మనం ఆ సర్టిఫికెట్టును ట్రంకు పెట్టె అడుగున పెట్టేస్తాం. ఆమెకు దారి దొరికింది ఆ రెండో స్థానం తర్వాతనే.

అమెరికాలో పుట్టిన పిల్ల సినిమాల్లో చేరింది మాత్రం అమెరికాలో కాదు, మన దగ్గర. 2016లో మహేష్ బాబు 'బ్రహ్మోత్సవం'లో కనిపించింది. అదే సంవత్సరం 'మనమంతా', 'ప్రేమమ్' వచ్చాయి. 2017లో 'రారండోయ్ వేడుక చూద్దాం', 'బాలకృష్ణుడు', 2018లో పవన్ కళ్యాణ్ 'అజ్ఞాతవాసి'. పేర్లు చూస్తే పెద్ద పెద్ద సినిమాలు. పాత్రలు మాత్రం చిన్నవి. హీరోయిన్ చిన్నప్పుడు ఎట్లా ఉండేది అని కథ వెనక్కి వెళితే, ఆ కాసేపు కనపడేదానికి ముఖం పోలిక ఉన్న పిల్ల కావాలి. ఇట్లాంటివి ఎక్కువ. ఆ పిల్ల పేరు పోస్టరు మీద ఉండదు.

ఇక్కడ షూటింగు సంగతి కొంచెం చెప్పాలి. సినిమా మనం చూసే వరుసలో తీయరంట. ఒకే ఇంట్లో జరిగే సీన్లన్నీ, మొదటివైనా చివరివైనా, ఒకేసారి తీసేస్తారు. అంటే పొద్దున ఏడ్చే సీను, మధ్యాహ్నం ఆ ఏడుపు కంటే ముందు జరిగే నవ్వే సీను కూడా ఉండవచ్చు. నటించేవాళ్ళు కథంతా మనసులో పెట్టుకొని, ఈ మాట ఎక్కడ వస్తుందో గుర్తు పెట్టుకోవాలి. మన పంద్రాగస్టు నాటకంలో వరుసగా చెప్పమంటేనే మన పిలకాయలు ఒకరి మాట ఇంకొకరు చెప్పేశారు కదా.

మా తమ్ముడు వరసైన ఏడో తరగతి పిల్లోడు ఒక ప్రశ్న అడిగాడు. "అన్నా, పదకొండేళ్ళ పిల్ల పని చేస్తే తప్పు కాదా? మనల్ని పనిలో పెడితే ఆఫీసర్లు వచ్చి పట్టుకుంటారు గదా." మంచి ప్రశ్న. సారును అడిగాను. బాల కార్మికుల చట్టాన్ని 2016లో మార్చారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదు. చదువుకు అడ్డం రాకుండా ఇంట్లోవాళ్ళకు సాయం చేయవచ్చు, సినిమాలు టీవీల్లో నటించవచ్చు, అంతే. నటనకు కూడా 2017 నియమాలు ఉన్నాయి. జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు గారి అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలకు మించి చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వచ్చిన డబ్బులో కనీసం 20 శాతం ఆ పిల్ల పేరు మీదే బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి.

అమెరికాలో ఇట్లాంటి చట్టం ఇంకా ముందే వచ్చింది. దాని వెనక ఒక పిల్లోడి కథ ఉంది. 1921లో చార్లీ చాప్లిన్ 'ది కిడ్' అనే సినిమా తీశాడు. అందులో చాప్లిన్ పక్కన ఉండే చిన్న పిల్లోడు జాకీ కూగన్. ఆ పిల్లోడు సినిమాల్లో లక్షల డాలర్లు సంపాదించాడు. పెద్దయ్యాక నా డబ్బు ఏది అంటే తల్లి, మారు తండ్రి ఖర్చు పెట్టేశారు. కోర్టుకు పోయినా కొంచెమే వచ్చింది. అందుకని 1939లో కాలిఫోర్నియాలో చట్టం చేశారు. ఇప్పటికీ దాన్ని కూగన్ చట్టం అనే అంటారు. పిల్లల సంపాదనలో 15 శాతం వాళ్ళ పేరు మీద దాచిపెట్టాల్సిందే.

ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను ఈ హాస్టల్‌కు రాకముందు రెండేళ్ళు బాతులు మేపాను. మా నాయన ఒకాయన దగ్గర అప్పు తీసుకున్నాడు, దానికి నేను బాతుల వెంట పోయాను. కోత కోసిన మళ్ళలో పొద్దు పొడిచినప్పటి నుండి సందకాడ దాకా. గంటలు ఎవరూ లెక్క పెట్టలేదు. బ్యాంకులో నా పేరు మీద ఏమీ వేయలేదు. ఆ చట్టం అప్పటికే ఉంది. మాకే తెలియదు. మన హాస్టల్లో నాలాంటోళ్ళు ఇంకా ఉన్నారని నాకు తెలుసు, పేర్లు రాయను.

సరే, మళ్ళీ అవంతిక దగ్గరికి వస్తాను. ఆమెకు, మనకు తేడా ఉంది. విమానం టిక్కెట్టు కొనుక్కొని అక్కడికీ ఇక్కడికీ తిరగగలిగిన ఇల్లు ఆమెది. కష్టపడితే మనమూ అంతే అని రాస్తే అది అబద్ధం అవుతుంది. ఆమె గురించి నాకు నచ్చిన విషయం వేరే ఉంది. అది చెప్పేముందు ఇంకొకరి గురించి చెప్పాలి.

ఆయన పేరు సాబు. 1924 జనవరి 27న మైసూరు రాజ్యంలో కారాపుర అనే చోట, అడవి పక్కన పుట్టాడు. తండ్రి మావటివాడు, అంటే ఏనుగును నడిపేవాడు. సాబు చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోయారు. రాజుగారి ఏనుగుల సాలలో పెరిగాడు. రాబర్ట్ ఫ్లాహర్టీ అనే అమెరికా దర్శకుడు సినిమా కోసం ఒక పిల్లోడిని వెతుకుతూ వచ్చినప్పుడు ఇతను దొరికాడు. ఆ సినిమా 'ఎలిఫెంట్ బాయ్' 1937లో విడుదలైనది. సాబు ఇంగ్లండు పోయాడు, తర్వాత అమెరికా. 1940లో 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్', 1942లో 'జంగిల్ బుక్'లో మౌగ్లీ. 1944లో అమెరికా పౌరుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులేసే విమానం తోక దగ్గర కూర్చొని తుపాకీ పేల్చే పని చేసి పతకం తీసుకున్నాడు. యుద్ధం నుండి తిరిగొచ్చాక మంచి పాత్రలు తగ్గిపోయాయి. 1963లో 39 ఏళ్ళకే గుండెపోటుతో చనిపోయాడు.

అవంతిక పుట్టినరోజు 25, సాబు పుట్టినరోజు 27. మధ్యలో మన జెండా పండుగ. ఇది నేనే కనిపెట్టాను.

సాబుకు వచ్చిన పాత్రలు చూడండి. ఏనుగు పిల్లోడు, దొంగ పిల్లోడు, అడవి పిల్లోడు. ఎక్కువగా మొలకు గుడ్డ కట్టుకొనే ఉంటాడు. అంత పేరొచ్చిన మనిషికి కూడా అమెరికా సినిమాలో మామూలు మనిషిగా, అంటే ఒక గుమాస్తాగానో, పక్కింటాయనగానో ఉండే అవకాశం దాదాపు రాలేదు.

నాకు ఇది బాగా అర్థమవుతుంది. ఇక్కడికి రాకముందు ఒక ఊర్లో నాలుగో తరగతి చదివాను. అక్కడ వార్షికోత్సవానికి నాటకం వేశారు. రాజు, మంత్రి, సేనాపతి అన్నీ పంచేశారు. చివరికి నన్ను చూసి "నువ్వు పాములోడివి, నీకు రంగు కూడా పూయక్కర్లేదు" అన్నారు ఒక సారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా అవ్వ చూడడానికి వచ్చింది. ఇంటికి పోయేటప్పుడు "రాజు మాటలు కూడా నీకు వచ్చు గదరా, ఇంట్లో చెప్పావు" అనింది. నిజమే, అందరి మాటలూ నాకు నోటికి వచ్చు.

ఇప్పుడు అవంతిక చేసిన పాత్రలు చెబుతాను. 2021 ఆగస్టు 13న డిస్నీ ఛానల్‌లో 'స్పిన్' అనే సినిమా వచ్చింది. డిస్నీ ఛానల్ సొంతంగా తీసిన సినిమాల్లో భారతీయ అమెరికన్ అమ్మాయి ముఖ్య పాత్రగా ఉన్న మొదటి సినిమా అదే. ఆమె పేరు అందులో రియా కుమార్. హైస్కూల్ పిల్ల, ఇంట్లోవాళ్ళకు హోటలు ఉంటుంది, ఆమెకు పాటలు కలిపి కొత్త సంగీతం చేయడం ఇష్టం. అంతే. పాములు లేవు, ఏనుగులు లేవు. దర్శకురాలు మంజరి మకిజనీ. ఆమె తండ్రి ఎవరో తెలుసా? 'షోలే'లో రాయి మీద కూర్చునే సాంబా, అంటే మాక్ మోహన్. ఆ సినిమాలో ఆయనకు దాదాపు మాటలే లేవు, అయినా దేశమంతా ఆ పేరు తెలుసు.

2022లో నెట్‌ఫ్లిక్స్‌లో 'సీనియర్ ఇయర్'. తర్వాత 2024 జనవరి 12న 'మీన్ గర్ల్స్' విడుదలైనది. ఈ పేరుతోనే 2004లో ఒక సినిమా వచ్చి ఉంది. అందులో కారెన్ స్మిత్ అనే అమ్మాయి ఉంటుంది, అమాండా సైఫ్రెడ్ చేసింది. బంగారు రంగు జుట్టు, తెల్ల పిల్ల. కొత్త సినిమాలో ఆ పాత్ర అవంతికకు ఇచ్చారు. ఇచ్చి, పేరు మార్చారు. కారెన్ శెట్టి. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. పాత పేరు అట్లే పెట్టి ఈమెను అందులో దూర్చలేదు. పాత్రనే ఈమె దగ్గరికి తెచ్చారు.

ఇంకో విషయం. కారెన్ తెలివి తక్కువ పిల్ల, అందరినీ నవ్విస్తుంది. అమెరికా సినిమాల్లో భారతీయులంటే లెక్కలు బాగా వచ్చే కళ్ళద్దాల పిల్లలనో, డాక్టర్లనో చూపించడం అలవాటు. మొద్దు పిల్లగా వేయడం గొప్పా అని మా రూములో వాదన జరిగింది. గొప్పే అని నా అభిప్రాయం. తెలివైనవాడిగా మాత్రమే చూపించడం కూడా ఒక మూసే కదా. తెల్ల పిల్లలకు తెలివైన పాత్ర, మొద్దు పాత్ర, మంచి పాత్ర, చెడ్డ పాత్ర అన్నీ ఉన్నప్పుడు మిగిలినవాళ్ళకు ఒకటే ఎందుకు?

అదే సంవత్సరం మార్చిలో 'బిగ్ గర్ల్స్ డోంట్ క్రై' అనే హిందీ సిరీస్ ప్రైమ్ వీడియోలో వచ్చింది. అది ఆడపిల్లల హాస్టల్ స్కూలు కథ. అవంతిక ఆటల కెప్టెన్. హాస్టల్ అంటే మనలాంటిది కాదులెండి, కొండల మీద డబ్బున్నోళ్ళ పిల్లలు చదివేది. మేలో 'టారో' అనే దయ్యాల సినిమా.

అన్నీ మంచే జరగలేదు. రాపుంజెల్ అనే జర్మనీ కథ ఉంది. గోపురంలో బంధించిన, చాలా పొడుగు బంగారు జుట్టున్న అమ్మాయి కథ. ఆ పాత్రను డిస్నీవాళ్ళు అవంతికకు ఇస్తున్నారని 2024 ఏప్రిల్ నాటికి ఒక పుకారు పాకింది. డిస్నీ ఏమీ ప్రకటించలేదు. ఆమె చేస్తానని చెప్పలేదు. ఒట్టి పుకారుకే ఎంతోమంది ఆమె ఫోటోల కింద రంగును, పుట్టుకను తిట్టి రాశారు. అప్పటికి ఆమెకు పంతొమ్మిదేళ్ళు. పెద్ద సినిమా చేసి, పేరు తెచ్చుకొని, అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్లకు కూడా ఆ మాట తప్పలేదు. అదే నాకు ఆశ్చర్యం. ఆ సారు అన్న మాట చిల్లకూరు దగ్గర ఒక ఊర్లోనే ఉందనుకున్నాను, అంత దూరం కూడా ఉంది.

ఈ వ్యాసం రాయడానికి కారణం కూడా చెప్పేస్తాను. మన వార్షికోత్సవ నాటకానికి పేర్లు రాసే కాగితం లైబ్రరీ తలుపుకు అంటించారు. ఎవరికి ఏ పాత్ర కావాలో మనమే రాయవచ్చని, తర్వాత ఒక పేజీ చదివించి చూస్తామని తెలుగు సారు చెప్పారు. సినిమావాళ్ళు దీన్నే ఆడిషన్ అంటారు. నిన్న రాత్రి చూశాను. చేపలు పట్టేవాడు, ఎలుకలు పట్టేవాడు పాత్రలకు మనవాళ్ళు పన్నెండు మంది రాశారు. డాక్టరుకు ఒక్కడే. కలెక్టరుకు ఎవరూ రాయలేదు.

నేను రాశాను. ఇంకెవరైనా రాసేదుంటే శనివారం లోపల రాయండి, పెన్ను కాగితానికే దారంతో కట్టి ఉంది.