పెరటి మొక్కల కత్తిరింపు: ఔషధాన్ని పెంచే కోత

కరివేపాకు రెబ్బను నిత్యం తుంచే చేయి, అదే చెట్టు కొమ్మను కోయడానికి మాత్రం వెనుకాడుతుంది. పచ్చని చెట్టును కోయడం పాపమనే భావన మన ఇళ్లలో బలంగా ఉంది. ఈ సంకోచం గలవారికి నేను తిప్పతీగ పేరొకటి గుర్తు చేస్తుంటాను. ఆయుర్వేద నిఘంటువులలో దానికి ‘గుడూచి’, ‘అమృత’లతో పాటు ‘ఛిన్నరుహ’ అనే పర్యాయపదం ఉంది. ఛేదించినా మొలిచేది అని అర్థం. మొదలు తెగిన తిప్పతీగ వేపకొమ్మకు వేలాడుతూనే సన్నని ఊడలను నేలకు దించి బ్రతుకుతుంది. తెలిసి చేసిన కోత మొక్కకు చికిత్సతో సమానం.

కోత వలన జరిగేదేమిటి?

కొమ్మ కొనలోని మొగ్గ ‘ఆక్సిన్’ అనే హార్మోనును క్రిందికి పంపుతుంది. దాని ప్రభావం వలన ప్రక్క మొగ్గలు నిద్రాణంగా ఉంటాయి. కొనను తుంచగానే ఆ అడ్డు తొలగి, ఒక కొమ్మ ఉన్నచోట రెండు మూడు చిగురిస్తాయి. ఇంటివైద్యానికి, వంటకు మనకు కావలసినది తాజా ఆకే కావున ఈ సూత్రం చాలా ఉపయోగకరం.

ఏ మొక్కకు ఎలా?

తులసి: వెన్నులు కనబడగానే గిల్లివేయాలి. గింజ పట్టనిస్తే కాండం చెక్కబారి ఆకు తగ్గుతుంది. విత్తనానికి ఒకటి రెండు వెన్నులు విడిచిపెడితే చాలు.

కరివేపాకు: మీటరు ఎత్తు పెరిగినపుడు తల తుంచి ఐదారు కొమ్మలు రానివ్వాలి. పూతను, కాయలను తీసివేయాలి.

మునగ: దీని కొయ్య పెళుసు. ‘మునగచెట్టు ఎక్కించడం’ అనే జాతీయం ఊరక పుట్టలేదు. కాపు ముగిశాక నేలనుండి మూడడుగుల ఎత్తులో నరికితే కొత్త కొమ్మలు గుబురుగా వస్తాయి. ఆకు, కాయ ఇంటిలోని వృద్ధులకు సైతం అందుతాయి. ఎక్కి పడే ప్రమాదం తప్పుతుంది.

మల్లె: నవంబరు చివరి వారంలో, కొన్నాళ్లు నీరు ఆపి, అడుగున్నర ఎత్తుకు కత్తిరించాలి. వేసవి పూలు కొత్త కొమ్మలకే వస్తాయి.

మామిడి: ఇది మల్లెకు భిన్నం. ముదిరిన కొమ్మకే పూత వస్తుంది. కాయలు దించిన వెంటనే ఎండుకొమ్మలను, ఒకదానితో ఒకటి ఒరుసుకునే కొమ్మలను మాత్రమే తీయాలి. శీతాకాలంలో కోస్తే ఆ ఏటి పూత పోతుంది.

కోసే పద్ధతి

చిన్న కొమ్మను మొగ్గకు కొద్దిగా పైన, పదునైన కత్తెరతో ఏటవాలుగా కోయాలి. పెద్ద కొమ్మకు మూడు కోతలు అవసరం. కాండానికి జానెడు దూరంలో క్రిందినుండి కొంత కోసి, దానికి కాస్త అవతల పైనుండి పూర్తిగా కోయాలి. చివరకు మిగిలిన మోడును, కాండం వద్దనుండే ఉబ్బెత్తు భాగానికి తగలకుండా తీసివేయాలి. ఇందువలన కొమ్మ బరువుకు బెరడు చీలదు. ఆ ఉబ్బునుండే కొత్త బెరడు పెరిగి గాయాన్ని కప్పుతుంది. కోతకు పేడ పూయనవసరం లేదు.

మునగ, మల్లెల వంటివి తప్ప, ఏ చెట్టునూ ఒక్కసారి నాలుగవ వంతుకు మించి కోయరాదు. రోహిణికార్తె ఎండలలో పెద్ద కోతలు వద్దు. నీడ తొలగిన బెరడు మాడిపోతుంది. తెగులున్న మొక్కను కోసిన కత్తెరను స్పిరిటుతో తుడిచాకే మరొక మొక్కకు వాడాలి.

గన్నేరుతో జాగ్రత్త

గన్నేరు సర్వాంగాలూ విషమే. కోసిన కొమ్మలను పిల్లలకు, పశువులకు దూరంగా ఉంచాలి. కాల్చరాదు, ఆ పొగ కూడా హానికరం. కోసిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. జిల్లేడు పాలు కంటిలో పడకుండా చూసుకోవాలి.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. కొమ్మలు మేడపైకి పోయి ఆకు అందకపోతే ఆ మాట అక్షరాలా నిజమవుతుంది. ఏటా సకాలంలో కత్తెర పట్టిన ఇంటికి మందుమొక్క చేతికందే ఎత్తులోనే ఉంటుంది. అయితే ఆకు అందుబాటులో ఉన్నంత మాత్రాన రోగనిర్ణయం జరిగినట్లు కాదు. దీర్ఘవ్యాధులకు మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని సలహా పొందిన తరువాతనే ఏ ఆకునైనా ఔషధంగా సేవించాలి.