లేనివాని మీద నింద

అపరాధ పరిశోధక నవలలు విద్యార్థుల కాలాన్ని హరిస్తాయని పెద్దల అభియోగం. తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను, ఉర్దూలో 1952 నుండి ‘జాసూసీ దునియా’ నవలలు రచించిన ఇబ్నె సఫీని అభిమానించే మేము, ఆ అభియోగానికి సమాధానంగా ఒక నవలనే సాక్షిగా నిలుపుతున్నాము.

అది అగాథా క్రిస్టీ 1926లో వెలువరించిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’. ఒక పల్లెలోని ధనికుడు తన గదిలోనే కత్తిపోటుకు బలి అవుతాడు. అతడు పెంచిన కొడుకు రాల్ఫ్ ఆ రాత్రి నుండి కనిపించడు. రాల్ఫ్‌కు డబ్బు ఇబ్బందులున్నాయి. ఆస్తి అతనికే దక్కుతుంది. పోలీసుల అనుమానానికి ఇంతకన్న ఏమి కావాలి? పరిశోధకుడు పువారో మాత్రం స్థానం మారిన ఒక కుర్చీని, ఒక టెలిఫోను పిలుపును, ఒక్కొక్కరు దాచిన విషయాన్ని ఓపికగా పరిశీలిస్తాడు. ఆధారాలన్నీ పాఠకుని ఎదుటనే ఉంటాయి. అతని కంటికి గంతలు కట్టేది అతని నమ్మకమే. హంతకుని పేరు చెప్పి, చదువబోయేవారి ఆనందాన్ని చెరపము.

విడపనకల్లు వంటి మా పల్లెలలో ఒక ఇంట సొమ్ము పోతే, పొద్దు గుంకేలోగా రచ్చకట్ట మీద ఎవరి పేరో స్థిరపడుతుంది. తరచు అది అప్పుపడినవాని పేరు, లేదా పనికై వలసపోయినవాని పేరు. ఈ కరవు సీమలో అటువంటివారు ఎందరో! ఊరిలో లేకపోవడం గాని, చేతిలో లేకపోవడం గాని నేరానికి రుజువు కాదని ఈ నవల బోధిస్తుంది. ఇది కేవలం కాలక్షేపమేనా?